చివరి జానెడు

మా ఆయన వడ్రంగి. అద్దంకి దాటాక హైవే పక్కన, మిరపకాయలు ఆరబోసే కల్లానికి ఆనుకుని మాకొక రేకుల షెడ్డు ఉంది. అందులో ప్లైవుడ్ షీటు కోసేటప్పుడు ఆయన రంపం వైపు, నేను తెగిపడే ముక్క వైపు నిలబడేవాళ్లం. కోత చివరికి వచ్చేసరికి ఆ ముక్క తన బరువుకి తానే కిందికి జారుతుంది. జారుతూ జారుతూ ఇంకా తెగని కాస్త చెక్కనీ చీల్చుకుని పోతుంది. మామూలు ప్లైవుడ్డయితే పరవాలేదు, పైన మైకా అతికిస్తే ఆ చీలిక కనపడదు. వెనీరు షీటు అలా కాదు. అసలైన టేకుని కాగితమంత పల్చగా చెక్కి ప్లైవుడ్ మీద అతికిస్తే అది వెనీరు. దాని మూల ఒక్కసారి చీలిందంటే ఇక అతుకులేదు. అందుకని జానెడు కోత మిగిలి ఉండగా ఆయన ఆగేవారు. నేను రెండు అరచేతులూ ముక్క కింద పెట్టి, బరువు చేతుల్లోకి వచ్చాక "పట్టుకున్నా" అనేదాన్ని. ఆ మాట వినపడితేనే ఆ చివరి జానెడూ కోసేవారు. రంపం ఆగాక "దించెయ్" అనేవారు. అప్పుడు నేను ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి వంచి ముక్కని నేల మీద పెట్టేదాన్ని.

మా కాపురంలో మిగతా మాటలన్నీ ఒక ఎత్తు, ఈ రెండు మాటలూ ఒక ఎత్తు. పొద్దున్నే కూరలో ఉప్పు దగ్గర గొడవపడి, మొహాలు మాడ్చుకుని షెడ్డుకి వచ్చిన రోజు కూడా వీటికి లోటుండేది కాదు. ఆయనకొక పాడు అలవాటు ఉండేది. కోత అయ్యాక వెంటనే దించమనేవారు కాదు. రంపం పక్కన పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుని, వంగి ఆ అంచుని చూస్తూ మురిసిపోయేవారు. అవతల నా మణికట్లు లాగేస్తుండేవి.

"చేతులు పడిపోతున్నాయండీ. ఆ మాటేదో అనండి" అనేదాన్ని.

"అంటాలేవే, అంచు చూడు ఎట్లా వచ్చిందో. కాసేపు చూడనీ" అనేవారు.

బ్యాటరీ రంపం కొన్నాక ఈ ముచ్చట మరీ ఎక్కువైంది. దానికి వైరు లేదు, కరెంటు పోయినా పని ఆగదు. దాంతోపాటు అల్యూమినియం గైడు రైలు. ఆ రైలుని గీతకి ఆనించి పెడితే రంపం దాని మీదే నడుస్తుంది, వెంట్రుకవాసి పక్కకి తొలగదు. రైలు అంచున ఉన్న రబ్బరు పట్టీ గీత పొడవునా వెనీరుని అదిమి పడుతుంది కాబట్టి, రంపం పళ్లు పైకి లేచేటప్పుడు పీచు లేవదు. సాయంత్రం షెడ్డు మూసే ముందు నన్ను పలకరించారో లేదో గానీ, దాన్ని మాత్రం మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టెలో పడుకోబెట్టేవారు. దానికి స్నానం ఒక్కటే తక్కువని నేను దెప్పుతుండేదాన్ని. దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు ఎండిపోయి ఇప్పటికీ దాని పక్కన అంటుకునే ఉంది.

ఆయన ఆఖరి పని, అద్దంకికి దగ్గరలోని ఒక ఊళ్లో, పత్తీ మిరపా వేసే రైతు కట్టుకున్న కొత్తింట్లో. హాల్లో ఒక గోడ నిండా టేకు వెనీరు పలకలు పరచాలి. ఒకే దుంగ నుంచి వరసగా చెక్కిన పొరలతో చేసిన నాలుగు షీట్లు తెచ్చారు. నాలుగూ పక్కపక్కన నిలబెడితే చెక్క చారలు ఒక పలకలోంచి ఇంకో పలకలోకి మంటల్లా సాగిపోతాయి. ఆ దుంగ షీట్లు ఇక లేవని కొట్టువాడు ముందే చెప్పాడు. అన్నేళ్లలో మా ఆయన చేసినవన్నీ వంటింటి అలమరాలూ బట్టల బీరువాలూ. మైకా కింద ఏ చెయ్యి పనిచేసిందో ఎవరికి తెలుస్తుంది. చెక్కని చెక్కలాగే నలుగురికీ చూపించే పని ఆయనకి దొరికింది ఇదొక్కటే.

మూడు పలకలు కోసి గోడకి బిగించి వచ్చారు. నాలుగో షీటుని షెడ్డులో బల్లల మీద పరిచి, పైనుంచి అడుగు పొడవు ముక్క తీసెయ్యడానికి అడ్డంగా పెన్సిలు గీత గీశారు. బ్యాటరీ ఛార్జింగుకి పెట్టి, నిండాక తీసి పెట్టెలో పెట్టారు. "అన్నం తినొచ్చి కోద్దాం పద" అన్నారు. ఇంటికి వచ్చి అన్నం తిన్నారు. గోడకానుకుని కూర్చున్నారు. నేను కంచాలు కడిగి వచ్చి చూసేసరికి ఆయన లేరు. గుండె అన్నారు డాక్టర్లు. ఏదైతేనేం.

పెద్దకర్మ అయ్యాక మా మరిది సింగరాయకొండ నుంచి మళ్లీ వచ్చాడు. అతనూ వడ్రంగే. షెడ్డు గుమ్మంలోనే నిలబడిపోయాడు, బల్లల మీద షీటుని చూసి లోపలికి రాలేదు. మా అత్తగారింట్లో ఒక పట్టింపు ఉంది. పోయిన మనిషి గీత గీసిన చెక్క మీద ఇంకెవరూ రంపం పెట్టకూడదు. దాన్ని పొయ్యిలోనన్నా పెట్టాలి, ఏట్లోనన్నా వదలాలి. కోత మిగిలిపోయిన గీత దగ్గరికి గీసినవాడు వస్తూ ఉంటాడట.

"ఆ షీటు జోలికి పోమాక వదినా" అన్నాడు. "నేను ఆ మూడూ ఊడబీకి గోడంతా మైకా వేసిస్తా. ఇంటాయనతో మాట్లాడా."

"మీ అన్నయ్య పెట్టినయ్యి ఊడబీకుతావా?"

"నాలుగోది లేకుండా ఆ మూడూ పెట్టుకుని వాళ్లేం చేసుకుంటారు? సగం గోడ ఎవరికి కావాలి?"

"నాలుగోది నేను కోస్తా."

అతను నా మొహంలోకి చూశాడు. "గీత అన్నయ్యది. నీకేమన్నా అయితే నేనెవరికి చెప్పుకోను?" అన్నాడు. నా మీద అభిమానంతో అన్నమాటే, కాదనను. అయినా నాకు ఒళ్లు మండింది. ఆయన వేసుకున్న చొక్కాలు పంచిపెట్టారు, పడుకున్న మంచం బయటపెట్టారు, ఇప్పుడు చేసిన పని కూడా పీకేస్తారట. మనిషి ఎటూ పోయాడు, ఒక గోడన్నా ఉండనివ్వరా. ఆ మూడు పలకలూ ఆ గోడ మీద ఉండాలి. అందుకు నాలుగోది మూల చీలకుండా తెగాలి. నాకు అంతకుమించి ఏమీ అక్కర్లేదనిపించింది.

ఆ ఇంటికి వెళ్లి గడువు అడిగాను. ఇంటావిడ మర్యాదస్తురాలు, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. హాల్లోకి మాత్రం నా వెనక నడిచింది, ముందు నడవలేదు. గోడ మీద మూడు పలకలు మెరుస్తున్నాయి. చారలు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పాకుతూ మూడో పలక అంచు దాకా వచ్చి, అక్కడ తటాలున ఆగిపోయాయి. ఆ పక్కన బోసి సిమెంటు గోడ, దాని మీద ఆయన పెన్సిలు గుర్తులు. అంత ఎత్తున, అంత వెడల్పున, నల్లగా, గోడలో ఇంకో గదికి దారి ఉన్నట్టుంది.

"సాయంత్రం దీపం పెట్టి ఇటొస్తే అక్కడెవరో నిలబడ్డట్టు ఉంటందమ్మా" అందావిడ గొంతు తగ్గించి. "ఇటు మొహంపెట్టి కాదు, గోడవైపు తిరిగి. కొలుచుకుంటున్నట్టు. మా ఇంట్లోవాళ్లు ఈ పక్కకి రావట్లా. పౌర్ణమిలోగా పూర్తిచేస్తే సరే. లేకపోతే మీ మరిదికే అప్పజెప్తాం. ఏమనుకోమాక."

నేనేమీ అనుకోలేదు. కొలుచుకుంటున్నట్టు అన్న మాట మాత్రం దారంతా నా వెనకాలే వచ్చింది. ఆయన ఏ గోడ ముందు నిలబడినా అలాగే నిలబడేవారు. ఆవిడ ఆయన్ని చూసింది పనిరోజుల్లో ఒకటి రెండుసార్లే.

మర్నాడు షెడ్డు తలుపు తీశాను. మిరపకాయల కాలం. పక్క కల్లం నుంచి లేచిన ఎర్రటి దుమ్ము రేకుల సందుల్లోంచి వచ్చి అన్నిటి మీదా పరుచుకుంది. బల్లలు, పెట్టెలు, ఆయన స్టూలు, అన్నీ ఎర్రబడ్డాయి. షీటు మీద కూడా వేలితో రాస్తే అచ్చు పడేంత దుమ్ము. గీత మీద మాత్రం లేదు. ఆ చివర నుంచి ఈ చివరకి గీత నల్లగా, అప్పుడే గీసినట్టు కనపడుతోంది. గాలి వాటం అయి ఉంటుందనుకున్నాను. షీటంతా తుడిచేసి ఇంటికెళ్లి, మళ్లీ మర్నాడు వచ్చి చూశాను. మళ్లీ అలాగే ఉంది. గీత దగ్గరికి వంగి మొహం పెట్టి చూడటానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు.

కోయడం నేర్చుకోవాలి కాబట్టి ముందు పాత ముక్కల మీద చేయి తిప్పాను. ఆయన చేసే పనంతా ఎదురుగా నిలబడి చూసినదాన్నే, ఏది తర్వాత ఏదో నాకు నిద్రలో కూడా తెలుసు. గీత మీద టేపు అంటించాలి. దాని మీద కత్తితో గాటు పెట్టాలి. రైలు సరిచూసి బిగించాలి. రంపాన్ని ముందు పైపైన ఒకసారి నడిపించి, రెండోసారి లోతుగా కోయాలి. అన్నీ అలాగే చేశాను. కోత నిటారుగా వచ్చింది, అంచు నున్నగా వచ్చింది. చివరి జానెడు దగ్గర మాత్రం ప్రతిసారీ ముక్క జారి మూల చీలేది. చర్రుమని ఆ చప్పుడు నా పంటి కిందే వచ్చినట్టుండేది.

ముక్క కింద స్టూలు పెట్టి చూశాను. స్టూలు కాస్త ఎత్తయితే ముక్క పైకి లేచి రంపాన్ని బిగబట్టేది, కాస్త తగ్గితే జారనే జారేది. కల్లంలో కాయలు ఏరే ఆవిడని బతిమాలి పట్టుకోమన్నాను. రంపం మోత వినగానే చేతులు తీసేసి అవతలికి దూకింది. మా వాళ్లలో ఎవరినీ అడగలేకపోయాను. గీత సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది, షెడ్డు ముందు నుంచి పోయేటప్పుడు కూడా మొహం పక్కకి తిప్పుకుంటున్నారు. ఏడుపొచ్చింది నాకు. పట్టుకోవడం నాకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. కానీ కోస్తున్నది నేనైనప్పుడు నేనెలా పట్టుకోను?

పౌర్ణమి దగ్గరపడింది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఇక లాభం లేదని లేచాను. కల్లంలో పనివాళ్లు అన్నాలకి వెళ్లారు. ఎండ రేకుల మీద పెళపెళలాడుతోంది. రోడ్డు మీద లారీ చప్పుడు కూడా లేదు. షీటుని తుడిచి, బల్లల చివరకి జరిపి, తెగిపోయే అడుగు పొడవు ముక్క గాల్లో ఉండేట్టు పెట్టాను. దాని కింద స్టూలు, స్టూలు మీద మడతపెట్టిన గోనెసంచులు. ముక్కకీ సంచికీ మధ్య వేలెడు సందు వదిలాను. ముక్క ఎలాగూ పడుతుంది, పడినా దెబ్బ తగలకుండా పడితే మూల బతుకుతుందేమోనని ఆశ.

టేపు అంటించాను. కత్తి గాటు పెట్టాను. రైలు బిగించాను. అన్నాళ్లూ సాధనకి రెండో బ్యాటరీ వాడాను, ఆ రోజు పెట్టె తెరిచి ఆయన ఆఖరిసారి ఛార్జింగు పెట్టిన బ్యాటరీ తీశాను. మీట నొక్కితే దాని దీపాలన్నీ వెలిగాయి. అన్నాళ్ల తర్వాత కూడా నిండుగానే ఉంది. అలాంటి బ్యాటరీలు ఛార్జి నిలుపుకుంటాయి, అది వింత కాదు. కానీ ఆయన నింపిపెట్టి వెళ్లినది ఇంకా అందులో ఉందని, దాన్ని రెండు చేతులతో పట్టుకుని రంపానికి తగిలించాను.

మొదటిసారి పైపైన నడిపించాను. రంపపు పొట్టు ఎర్రటి దుమ్ముతో కలిసి ఎగిరింది. రెండోసారి లోతు పెట్టి మొదలుపెట్టాను. రంపం నా మాట వింటోంది. సగం దాటింది. ముప్పాతిక దాటింది. జానెడు మిగిలింది. అక్కడ ఆగాను. ఆగాలని కూడా అనుకోలేదు, చెయ్యి దానంతటదే ఆగింది. కోత జానెడు దగ్గరికి రాగానే నోరు తెరవడం నాకు కొత్త పెళ్లికూతురిగా ఉన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటుకొద్దీ నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"పట్టుకున్నా."

అన్నాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. ఆ మాట అన్నదాన్ని నేను, కోస్తున్నదాన్నీ నేనే, ముక్క కింద చేతులు లేవు. ఈలోగా వేలు మీట నొక్కేసింది. ఆ మాట వినపడితే కోయాలని నా చెవులకీ అంత అలవాటయి ఉంది. ఆపుదామనుకునే లోపలే రంపం ముందుకి వెళ్లిపోయి షీటు దాటింది. అయిపోయింది, గోడ పోయిందనుకున్నాను. కళ్లు మూసుకుని ఆ చర్రుమనే చప్పుడు కోసం కాచుకున్నాను.

చప్పుడు రాలేదు. వేలు సడలి రంపం ఆగింది. షెడ్డంతా నిశ్శబ్దం. కళ్లు తెరిచాను.

ముక్క పడలేదు. షీటుకీ ముక్కకీ మధ్య రంపం పోయిన సందు ఈ చివర నుంచి ఆ చివరదాకా సమానంగా ఉంది, అందులోంచి కింద నేల కనపడుతోంది. ఎక్కడా ఒక్క పీచు కూడా అంటుకుని లేదు. వంగి కిందికి చూశాను. ముక్కకీ గోనెసంచికీ మధ్య వేలెడు సందు అలాగే ఉంది, అందులోంచి అవతలి వెలుతురు కనపడుతోంది. ముక్క గాల్లో ఉంది. వణకడం లేదు, ఒరగడం లేదు. నేను పట్టుకున్నప్పుడు ఎంత మట్టంగా ఉండేదో అంత మట్టంగా ఉంది.

భయం వేసింది. పరిగెత్తుకుని బయటికి పోదామనిపించింది. అయినా పోవడం నాకే ఇష్టం లేకపోయింది. రంపాన్ని మెల్లిగా రైలు పక్కన పెట్టాను. తర్వాత అనాల్సిన మాట ఏమిటో నాకు తెలుసు. అది ఆయన మాట. ఇప్పుడు నేను అనాలి. అనకపోతే ముక్క అలాగే ఉంటుంది. ముక్క అలా ఉన్నంతసేపూ దాని అవతల ఒక మనిషి ఉన్నట్టే. ఇంత చిన్న సంగతి ఆడదానికి అర్థం కాకుండా ఉంటుందా. నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

ఎంతసేపో తెలియదు. చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకోలేదు. ముక్క అవతల ఆయన స్టూలు, దాని మీద ఎర్రటి దుమ్ము, రేకు చిల్లులోంచి పడుతున్న ఎండ. ఇంకేమీ కనపడలేదు. కనపడాలని చూశాను కూడా. "ఏమండీ" అందామనుకుని మానేశాను. పలికితే ఏమవుతుందో, పలక్కపోతే ఏమవుతుందో, రెండూ భయమే. అంచు చూశాను. టేపు కింద వెనీరు గీత గీసినట్టు తెగింది. మూల పదునుగా, నిండుగా ఉంది. ఆయన ఉంటే కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. కాసేపు చూడనీ అనేవారు. నేను అవతల నిలబడి తిట్టుకునేదాన్ని.

అప్పుడు ముక్క ఒక్కసారి సన్నగా అదిరింది. కంటికి ఆనీ ఆననంత. ఆ అదురు నాకు తెలుసు. బరువుని చాలాసేపు పట్టుకున్నాక మణికట్టులో మొదలై వేళ్లలోకి దిగే అదురు అది. ఇంకాసేపుంటే భుజం లాగుతుంది, నడుం పట్టేస్తుంది, అయినా మాట వినపడేదాకా వదలకూడదు. అన్నేళ్లూ నేను పట్టుకున్నాను, అదెంత నొప్పో నాకు తెలుసు. ఇక ఆపుకోలేకపోయాను.

దించెయ్ అన్నది ఆయన నాతో అనే మాట. నేను ఆయనతో అలా అనలేను.

"దించేయండి" అన్నాను.

ముక్క ముందు ఎడమ పక్క వంగింది, తర్వాత కుడి పక్క. గోనెసంచి మీద చప్పుడు లేకుండా ఆనింది. నేను నేల మీద కూలబడి, పెద్దకర్మ రోజు కూడా ఏడవనంత ఏడ్చాను.

పౌర్ణమి లోపలే ఆ పలకని గోడకి బిగించాం. చారలు చారల్లో కలిశాయి. ఇంటావిడ ఇప్పుడు ఆ గోడ పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతుందట. బిగించే రోజు మా మరిది వచ్చాడు, రాననుకుంటూనే వచ్చాడు. మూల మీద గోరుతో రాసి చూశాడు. వంగి కింద నుంచి చూశాడు. వడ్రంగి కన్ను కదా, ఒంటరి కోతకి అలాంటి మూల రాదని అతనికి తెలుసు.

"ఎవరు పట్టుకున్నారు వదినా?" అన్నాడు.

"మనిషిని పెట్టుకున్నాలే" అన్నాను.

ఇప్పుడు షెడ్డు నేనే నడుపుతున్నాను. షీటు కింద నిండా గోనెసంచులు పరిచి కోస్తాను, అలా కోస్తే పట్టుకునే మనిషి అక్కర్లేదు; ఆ ఉపాయం నాకు తర్వాతెప్పుడో తట్టింది. అయినా పాత ప్లైవుడ్ ముక్కేదైనా కోసేటప్పుడు అప్పుడప్పుడు దాన్ని బల్ల చివరకి జరుపుతాను, కింద ఏమీ పెట్టను. జానెడు మిగిలి ఉండగా ఆగి "పట్టుకున్నా" అంటాను. అని కోస్తాను. ముక్క చర్రుమని చీలి కింద పడుతుంది. దించేయమని చెప్పింది నేనే.